నాన్న పిస్తోలు, మా ఊరి తేమ

2018 ఆగస్టులో ఒక వాన సాయంత్రం నాన్న పిస్తోలు తిరిగి ఇంటికి వచ్చింది. నాన్న పోయాక చట్టప్రకారం తొమ్మిది నెలలు డిపాజిట్‌లో ఉంది. డైనింగ్ టేబుల్ మీద పాత దుప్పటి పరిచి, చుట్టి ఇచ్చిన గోనెగుడ్డ విప్పాను. బ్యారెల్ మీద మూడు వేళ్ల వెడల్పున ఎర్రటి పొడి. ముట్టుకుంటే వేలికి అంటుకుంది. పిడి చివరనున్న ఇత్తడి బిళ్ల అంచులంతా చిలుము. నాన్న పోయినప్పుడు వచ్చేపోయే వాళ్ల హడావుడిలో నాకు సరిగ్గా ఏడుపు కూడా రాలేదు. ఆ సాయంత్రం వచ్చింది.

నేను విజయనగరంలో ఇంటర్ పిల్లలకు కెమిస్ట్రీ చెబుతాను. ఇనుము, నీరు, ఆక్సిజన్, తుప్పు. ఈ పాఠం ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. అయినా సొంత ఇంట్లో ఒక పాత ఇనుప వస్తువును తుప్పు పట్టకుండా ఎలా కాపాడాలో నేర్చుకోవడానికి నాకు దాదాపు ఆరేళ్లు పట్టింది. మన జిల్లాల్లో పాత ఇళ్లలో ఇలాంటి వస్తువులు ఇంకా ఉన్నాయి. అటకల మీద, భోషాణాల్లో, దేవుడి గది అలమరల్లో. వాటికోసమే ఇదంతా రాస్తున్నాను.

ముందు వస్తువు గురించి చెప్పాలి. మా తాతగారు గజపతినగరం దగ్గర ఒక ఊళ్లో కరణం. 1984లో కరణాల వ్యవస్థ రద్దయ్యేవరకు చేశారు. పిస్తోలు ఆయన తాతగారి నాటిది. సంస్థానంలో చేసిన కొలువుకు మెచ్చి ఇచ్చారని ఇంట్లో చెప్పుకుంటారు. కాగితం ఆధారం ఏదీ లేదు కాబట్టి నేను దాన్ని ఇంటి మాటగానే చెబుతాను. చుట్టాలెవరు చూసినా మొదటి ప్రశ్న ఒకటే: "బొబ్బిలి యుద్ధం నాటిదా?" కాదు. బొబ్బిలి యుద్ధం 1757లో జరిగింది. అప్పటి పిస్తోళ్లు చెకుముకి రాయి నిప్పురవ్వతో పేలేవి. మాది టోపీ పిస్తోలు. గొట్టం మూతి నుంచి మందు, గుండు కూరి, వెనక చిన్న మొలక మీద రాగి టోపీ తొడిగితే, హామర్ అనే చిన్న సుత్తి దానిమీద పడి పేలుస్తుంది. ఆ టోపీల వాడకం 1820ల తర్వాతే పెరిగింది. పైగా బ్యారెల్ కింద అడ్డంగా వేసిన రెండు రాజదండాలు, పైన కిరీటం, కింద ఇంగ్లిష్ 'వి' అక్షరం ఉన్న ముద్ర ఉంది. అది ఇంగ్లండులో తుపాకి గొట్టాలను పరీక్షించి ముద్ర వేసే బర్మింగ్‌హామ్ ప్రూఫ్ హౌస్ ముద్ర. ఆ ప్రూఫ్ హౌస్ పెట్టిందే 1813లో. చిన్న ముద్రే, కానీ ఎన్నో కథల్ని పక్కకు నెట్టి వస్తువు వయసు చెప్పింది. అందుకే ఇలాంటి ముద్రల మీద ఎమరీ పేపర్ తగలకూడదని నాకు అంత పట్టుదల.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఊళ్లో ఇంటి పెంకులు లేచిపోయాయి. అటక మీద భోషాణం తడిసింది. నాన్న పిస్తోలును విజయనగరానికి తెచ్చి, ఆరబెట్టి, తాతగారు చేసినట్టే కొబ్బరినూనె రాసి, తోలు సంచిలో పెట్టి బీరువాలో దాచారు. ఆయన దాన్ని ఎంత అపురూపంగా తుడిచేవారో నాకు గుర్తుంది. కానీ ఆ రెండూ పొరపాట్లేనని తర్వాత తెలిసింది. కొబ్బరినూనె కొన్నాళ్లకు చెడి ఆమ్లంగా మారుతుంది. చాలా వంటనూనెలు గాలికి జిగురు కట్టి దుమ్మును పట్టుకుంటాయి. ఇక తోలు. మన వైపు తంగేడు చెక్కతో పదును చేసిన తోలులో టానిన్లనే ఆమ్లపు పదార్థాలు ఉంటాయి, పైగా తోలు తేమను పీల్చుకుని ఇనుముకు ఆనించి ఉంచుతుంది. అలాంటి సంచిలో పిస్తోలు పెట్టడమంటే తడిగుడ్డలో చుట్టి దాచడమే. సంచి కూడా పాతదే, అదీ దాచుకోవలసిందే. కానీ విడిగా.

2017 నవంబరులో నాన్న పోయారు. లైసెన్సు ఆయన పేరు మీద ఉంది. లైసెన్సుదారు పోయాక వారసులు ఆయుధాన్ని ఇంట్లో ఉంచుకుని తర్వాత చూద్దాంలే అనుకోకూడదు. 1959 ఆయుధాల చట్టం 21వ సెక్షన్ ప్రకారం దాన్ని పోలీస్ స్టేషన్‌లోనో, లైసెన్సున్న డీలరు దగ్గరో డిపాజిట్ చేయాలి. "అంత పాతదానికి లైసెన్సు ఎందుకు?" అని మా బాబాయి వాదించారు. ఆయన అన్నదాంట్లో కొంత నిజం ఉంది. అదే చట్టం 45వ సెక్షన్‌లో కాలం చెల్లిన, పురాతన విలువ ఉన్న ఆయుధాలకు మినహాయింపు ఉంది. కానీ రిపేరు చేసినా చేయకపోయినా పేల్చడానికి పనికిరానిది అయితేనే. మాదానికి స్ప్రింగు గట్టిగా ఉంది, హామర్ లేస్తుంది, పడుతుంది. అది పనికొస్తుందో రాదో తేల్చాల్సింది మనం కాదు. ఇంట్లో కూర్చుని "ఇది పాతది, ఏమీ కాదు" అని ఎవరికి వారు తీర్పు చెప్పుకోవద్దని గట్టిగా చెబుతున్నాను.

డిపాజిట్ రోజున నేర్చుకున్న పాఠం మిగతా అన్నిటికంటే పెద్దది. అక్కడ ఆయుధాల బాగోగులు చూసే ఆర్మరర్ పెద్ద వయసాయన. పిస్తోలు చేతిలోకి తీసుకోకుండానే అడిగారు.

"ఇది ఖాళీయేనా అమ్మా?"

"ఖాళీయేనండి. నాన్న ఎప్పుడూ పేల్చలేదు."

"పేల్చలేదంటే ఖాళీ అని కాదు కదమ్మా. ఎప్పుడో కూరినది అలాగే ఉండిపోయిందేమో, ఎవరు చూశారు?"

నాకు ఒళ్లు జలదరించింది. చిన్నప్పుడు దాన్ని ఎన్నిసార్లు ముట్టుకున్నామో! తుపాకి మందు పొడిగా ఉంటే వందేళ్లు దాటినా పేలే గుణం పోదట. మూతి నుంచి కూరే పాత తుపాకులు కూరినవి కూరినట్టే అటకల మీద దొరకడం కొత్తేమీ కాదన్నారు. ఆయన మూతిని ఇసుక బస్తాల వైపు తిప్పించి, పక్కనుంచి సన్నటి కర్రపుల్ల లోపలికి పంపి, మూతి దగ్గర గుర్తు పెట్టి బయటికి తీశారు. అదే పుల్లను గొట్టానికి బయట ఆనించి కొలిచారు. ఖాళీ అయితే పుల్ల వెనక మొలక దాకా రావాలి. రెండంగుళాలు తక్కువ వచ్చింది. అక్కడున్న అందరం వెనక్కి జరిగాం. ఆ రాత్రి టెన్షన్‌తో నిద్ర లేదు. రెండో రోజు కబురు వచ్చింది. లోపల ఉన్నది మందు కాదు, ఎప్పుడో కుమ్మరి పురుగు కట్టిన మట్టి గూడు. మట్టే కాబట్టి ఊపిరి పీల్చుకున్నాం. కానీ ఆ మట్టి ఏళ్ల తరబడి తేమను పట్టి ఉంచి, గొట్టం లోపల గుంటలు పడేలా తినేసింది.

పాత తుపాకి దొరికితే ఎవరూ పుల్లలు పెట్టి చూడొద్దు. లోపల ఏదైనా ఉందనిపిస్తే తీసే ప్రయత్నం అసలే చేయొద్దు. మూతి మనుషుల వైపు లేకుండా అలాగే వదిలేసి, తెలిసినవాళ్లను పిలవాలి. మా పిస్తోలు పెట్టెలో ఒక చిన్న అర ఉంది. నాన్న దాన్ని గుండీల డబ్బా అనేవారు. మూత తీస్తే గోరంత రాగి టోపీలు, సీసపు గుండ్లు. ఆ కాలపు టోపీల్లో వాడింది మెర్క్యురీ ఫల్మినేట్. దెబ్బ తగిలితే పేలేది అదే. గుండ్ల మీద తెల్లటి పొడి సీసం కార్బొనేట్, అది విషం. ఓక్ లాంటి కొన్ని చెక్కల నుంచి వచ్చే ఆమ్లపు ఆవిరికి సీసం అలా పొడిబారుతుంది. అన్నీ అక్కడే అప్పగించి రసీదు తీసుకున్నాను. వాటిని జ్ఞాపకంగా ఉంచుకోవాలని నాకు ఒక్క క్షణం కూడా అనిపించలేదు.

తర్వాత తొమ్మిది నెలలు కాగితాల పని. వారసత్వంగా వచ్చిన ఆయుధానికి వారసులు లైసెన్సు అడిగే వీలు 2016 ఆయుధాల నియమావళిలో ఉంది. మరణ ధ్రువపత్రం, వారసుల వివరాలు, అమెరికాలో ఉన్న అన్నయ్య నుంచి అభ్యంతరం లేదని అఫిడవిట్, పోలీస్ విచారణ. నాన్న పాత లైసెన్సు కాగితాల్లో కొన్నిటి మీద విశాఖపట్నం జిల్లా అని ఉంది. విజయనగరం జిల్లా 1979 జూన్ 1న ఏర్పడింది. అంతకుముందు మా ఊరు విశాఖ కిందే ఉండేది. ఆ సంగతి మూడు టేబుళ్ల దగ్గర వివరించాను. "మీకెందుకు మేడమ్, ఇంట్లో మగవాళ్లు లేరా?" అని ఒకాయన అడిగారు. ఉన్నారు, కానీ దీన్ని చూసుకునేది నేను అన్నాను. అన్నయ్య ఫోనులో "ఇక్కడికి తెచ్చేసుకుంటాను, అద్దాల పెట్టెలో పెడతాను" అన్నాడు. అది కుదరదు. వందేళ్లు దాటిన ఇలాంటి వస్తువు 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం పురావస్తువు కిందికి వస్తుంది. ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించడానికి లేదు. వాడు కాసేపు బాధపడి, తర్వాత అఫిడవిట్ పంపాడు.

అన్నీ అయ్యాక చేతికి వచ్చింది మొదట్లో చెప్పిన ఆ ఎర్రటి పొడి.

నేను కాలేజీకి వెళ్లొచ్చేలోపు అమ్మ నన్ను సంతోషపెట్టాలని ఒక పని చేసింది. ఇంట్లో బుడితి ఇత్తడి గిన్నెలు, దీపపు సెమ్మెలు ఉన్నాయి. పండగలకు అన్నిటినీ చింతపండుతో తోముతాం. అదే చింతపండుతో పిస్తోలు పిడి చివర బిళ్లను, ట్రిగ్గర్ చుట్టూ ఉన్న ఇత్తడి కమ్మీని తళతళలాడేలా తోమింది. "చూడమ్మా, మీ నాన్న ఉంటే ఎంత మురిసిపోయేవారో" అంది. నేనేమనగలను? చింతపండులో ఉన్నది టార్టారిక్ ఆమ్లం. గిన్నె అయితే కడిగేస్తాం. ఇక్కడ పులుపు నీళ్లు ఇత్తడికి, చెక్కకు మధ్య సందులోకి దిగాయి. నూట యాభై ఏళ్లకు పైగా ఏర్పడిన ముదురు తేనెరంగు పూట గడిచేలోపు పోయింది. అది మళ్లీ రావాలంటే ఇంకో మనిషి జీవితకాలం పడుతుంది. అమ్మకు ఇప్పటికీ ఈ మాట పూర్తిగా చెప్పలేదు. వెంటనే స్వేదనజలంలో ముంచి పిండేసిన దూదితో తుడిచి, పొడిగుడ్డ అద్ది, ఫ్యాను కింద పెట్టాను.

ఇక నా తెలివితో కాదు అనుకుని, ఒక మ్యూజియంలో కన్జర్వేషన్ పని చేసి రిటైరైన ఒక పెద్దాయనను తెలిసినవాళ్ల ద్వారా పట్టుకున్నాను. ఫొటోలు పంపాను. ఆయన మొదటి మాట: "ఇంకేమీ చెయ్యకండి." రెండో మాట: "ముందు అన్ని వైపులా ఫొటోలు తీసి తేదీ రాసి పెట్టుకోండి."

ఆయన చెప్పినదాంట్లో నన్ను ఆశ్చర్యపరిచింది బ్యారెల్ రంగు సంగతి. గొట్టం మీద చాక్లెట్ రంగులో నున్నగా ఉన్నదంతా తుప్పేనని, గీకెయ్యాలని నేను అనుకున్నాను. అది తయారు చేసినవాళ్లు కావాలని వేసిన పూత. పంతొమ్మిదో శతాబ్దంలో బ్యారెళ్లను అదుపులో తుప్పు పట్టించి, రుద్ది, మళ్లీ పట్టించి ఆ గోధుమరంగు తెచ్చేవారు. దాన్ని బ్రౌనింగ్ అంటారు. తుప్పనుకుని దాన్ని తెల్లగా మెరిసేలా రుద్దేసిన తుపాకులు ఎన్నో ఉన్నాయట. ఆ మెరుపుతో వస్తువు చరిత్ర, విలువ రెండూ పోతాయి. తేడా పట్టడానికి ఆయన చెప్పిన గుర్తు: నున్నగా, గట్టిగా, ముదురుగా ఉంటే దాని జోలికి వెళ్లొద్దు. ఎర్రగా, పొడిపొడిగా, వేలికి అంటేలా ఉంటే అది బతికున్న తుప్పు, అది ఇంకా తింటూనే ఉంది.

ఆ ఎర్రదాన్ని తీయడానికి నాలుగు ఆదివారాలు పట్టింది. తుప్పు మీద సన్నటి మెషిన్ ఆయిల్ చుక్క పెట్టి ఒక రోజు వదిలెయ్యాలి. వెదురు పుల్లను ఉలిలా చెక్కి, దాంతో మెల్లగా నెట్టాలి. వెదురు ఇనుము కంటే మెత్తన కాబట్టి లోహం మీద గీత పడదు. దూదితో తీసెయ్యాలి. మళ్లీ చుక్క, మళ్లీ పుల్ల. భూతద్దం పెట్టుకుని కూర్చునేదాన్ని. ఒక ఆదివారమంతా కూర్చుంటే గోరంత మేర శుభ్రమయ్యేది. చేతికి గ్లవుజులు తప్పవు, ఎందుకో తర్వాత చెబుతాను. చివరకు లోహాన్ని మాత్రం స్పిరిట్ అద్దిన దూదితో తుడిచి నూనె జిడ్డు తీశాను. స్పిరిట్ చెక్క మీద పడకూడదు. పాత చెక్క మీది లక్క పాలిష్ స్పిరిట్‌లో కరిగిపోతుంది. స్క్రూలు విప్పుతానంటే ఆయన ససేమిరా వద్దన్నారు. ఆ కాలపు స్క్రూల గాడి సన్నం, మన స్క్రూడ్రైవర్ అందులో కూర్చోదు. జారిందంటే గాడి చెదిరిపోతుంది, పక్కన చెక్కడపు పని మీద గీత పడుతుంది.

తర్వాత పూత. నూనె కంటే మైనం మంచిదన్నారు. నూనె ఆరిపోతుంది, కారుతుంది, ఇనుము నుంచి చెక్కలోకి దిగి అక్రోటు చెక్కను నల్లగా, మెత్తగా చేస్తుంది. తేనెమైనం కూడా వద్దు, అందులో సహజంగానే ఆమ్లాలుంటాయి. మ్యూజియాల్లో పెట్రోలియం నుంచి తీసే మైక్రోక్రిస్టలైన్ మైనం వాడతారు. 1950లలో బ్రిటిష్ మ్యూజియంలో రూపొందిన రెనయసాన్స్ వాక్స్ ఆ జాతిదే. చిన్న డబ్బా తెప్పించాను. బియ్యపు గింజంత తీసుకుని, మెత్తటి నూలు గుడ్డతో పొగమంచులా పల్చగా రాసి, ఆరాక రుద్దాలి. ఎంత తక్కువ రాస్తే అంత మంచిది. ఆ చిన్న డబ్బాలో ఇప్పటికీ సగం మిగిలే ఉంది.

తర్వాత అసలు సమస్య: ఎక్కడ పెట్టాలి? బ్యాంకు లాకరు కుదరదు, ఆయుధాలు పెట్టకూడదని లాకరు ఒప్పందంలోనే ఉంటుంది. హాల్లో గోడకు తగిలించమని బాబాయి అన్నారు. నాకు నచ్చలేదు. ఎండ, దుమ్ము, వంటింటి ఆవిరి, వచ్చినవాళ్ల చేతులు. పైగా వచ్చేపోయే ప్రతివాడికీ ఇంట్లో ఆయుధం ఉందని చాటడం ఏం క్షేమం? బీరువాలో లోపలి లాకరులో పెట్టాను. బీరువా కూడా వానకు నానే బయటి గోడకు కాకుండా ఇంటి నడిమి గోడ వైపు జరిపించాను. తాళంచెవి ఎక్కడుందో నాకూ అమ్మకూ తప్ప తెలియదు.

నాలుగొందల రూపాయలు పెట్టి గాలిలో తేమ చూపించే మీటరు కొన్నాను. బీరువాలో పెట్టి ఉదయం, రాత్రి అంకెలు రాసుకున్నాను. ఆగస్టులో 80, 83. వాన లేని రోజు కూడా 74. తేమ అరవై శాతం దాటితే ఇనుము తుప్పు జోరందుకుంటుంది. సముద్రపు గాలి ఉప్పు తోడైతే అంతకంటే తక్కువకే మొదలవుతుంది. మనకు బంగాళాఖాతం ఎంత దూరం కనక! శ్రీకాకుళంలో, కళింగపట్నం వైపు ఉన్నవాళ్లకు ఇంకా జాగ్రత్త కావాలి.

గాలి ఆడకుండా మూత బిగుసుకునే పెద్ద ప్లాస్టిక్ డబ్బా కొన్నాను, పిండివంటలు దాచుకునే పాలీప్రొపిలీన్ రకం. పీవీసీ సంచులు మాత్రం వాడకూడదు, అవి పాతబడితే వాటినుంచి హైడ్రోక్లోరిక్ ఆమ్లపు ఆవిరి వస్తుంది. అడుగున తెల్లటి పాలిథీన్ ఫోమ్ పరిచి, పిస్తోలు ఆకారానికి గాడి కోశాను. న్యూస్‌పేపరు వద్దు, అదీ ఆమ్లమే. అసలు చెక్కపెట్టెను, అందులోని పచ్చ బనాతు గుడ్డను విడిగా ఇంకో డబ్బాలో పెట్టాను. ఇక తేమ పీల్చే సిలికా జెల్. నీలం గుళికలు కొనలేదు, వాటిలో కోబాల్ట్ క్లోరైడ్ ఉంటుంది, ఆరోగ్యానికి మంచిది కాదు. నారింజ రంగువి తీసుకున్నాను. తేమ తాగితే పచ్చబడతాయి.

ఇక్కడ నేను చేసిన తప్పు గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. భయం కొద్దీ పన్నెండు లీటర్ల డబ్బాలో కిలో జెల్ పోశాను. రెండు రోజుల్లో మీటరు 22 చూపించింది. ఎంత పొడిగా ఉందో అని సంతోషపడ్డాను. మూడో వారం చూస్తే, గొట్టం కింద చెక్క అంచున వెంట్రుకలాంటి పగులు. అంతకుముందు ఫొటోల్లో అది లేదు. అప్పుడు కూర్చుని లెక్కవేశాను. ముప్పై డిగ్రీల దగ్గర ఒక ఘనపు మీటరు గాలి మోయగలిగేది దాదాపు ముప్పై గ్రాముల ఆవిరి. పన్నెండు లీటర్ల గాలిలో అర గ్రాము కూడా ఉండదు. మరి కిలో జెల్ ఎవరి నీళ్లు తాగింది? చెక్కవి. చెక్క తన ఒంట్లో తేమను దాచుకుని ఉంటుంది. దాన్ని ఒక్కసారిగా లాగేస్తే ముడుచుకుంటుంది, దానికి బిగించిన ఇనుము ముడుచుకోదు, చెక్క చీలుతుంది. ఇనుముకు పొడి కావాలి, చెక్కకు కొంచెం తేమ కావాలి. రెండూ ఒకే వస్తువులో ఉన్నాయి కాబట్టి 45 నుంచి 50 మధ్య రాజీ. కిలో తీసేసి యాభై గ్రాముల పొట్లాలు కట్టాను. మీటరు 50 దాటితే ఒక పొట్లం కలుపుతాను, 43కు దిగితే ఒకటి తీస్తాను. పచ్చబడ్డ పొట్లాలను వంటకు వాడని పాత ఓవెన్‌లో 120 డిగ్రీల దగ్గర రెండు మూడు గంటలు ఆరబెడితే మళ్లీ నారింజ రంగుకు వస్తాయి. ఆ పగులును అతికించమని ఎవరినీ అడగలేదు. అది అక్కడే ఆగింది, అది చాలు.

ఇప్పుడు గ్లవుజుల మాట. ఆ ఏడాది పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవానికి ఇల్లంతా చుట్టాలు. మూడులాంతర్ల దగ్గర జనంలో నిలబడి సిరిమాను చూసి వచ్చాక, భోజనాలయ్యాయి. అందరూ పిస్తోలు చూడాలన్నారు. కాదనలేకపోయాను. టేబుల్ మీద పెట్టి, ఎవరూ ముట్టుకోవద్దని చెప్పి, మంచినీళ్లకు లోపలికి వెళ్లాను. తిరిగి వచ్చేసరికి పెద్దనాన్న మనవడు దాన్ని ఎత్తి పట్టుకుని హామర్ లాగుతున్నాడు. ఖాళీదే. అయినా నా గుండె ఆగినంత పనైంది. మందు లేకపోయినా హామర్ వదిలితే ఉక్కు మీద ఉక్కు పడి, టోపీ తొడిగే మొలక అంచు చదునైపోతుంది. పాత స్ప్రింగు విరిగిపోవచ్చు. మెల్లగా పిల్లాడి చేతిలోంచి తీసుకుని, హామర్ బొటనవేలితో ఆపుతూ దించాను. గబగబా డబ్బాలో పెట్టేశాను. ఆ గాభరాలో తుడవలేదు.

పది రోజుల తర్వాత తెరిస్తే బ్యారెల్ పక్కన, మైనం పల్చగా ఉన్నచోట, ఒక చిన్న బొటనవేలి ముద్ర. వేలి గీతలతో సహా గోధుమరంగులో తేలింది. పూరీలు తిన్న ఎనిమిదేళ్ల పిల్లాడి చేతి ఉప్పు, చెమట. తుడిస్తే పోలేదు. అప్పటినుంచి నాతో సహా ఎవరూ ఒట్టి చేత్తో దాన్ని ముట్టుకోలేదు. పండక్కి వచ్చినవాళ్లకు ఫొటోలు చూపిస్తున్నాను.

2019 మార్చిలో ఎన్నికల కోడ్ వచ్చింది. ఎన్నికలప్పుడు లైసెన్సున్న ఆయుధాలు కూడా డిపాజిట్ చేయమంటారు. నాకు మళ్లీ ఆ గోనెగుడ్డ గుర్తొచ్చింది. ఈసారి ముందే సిద్ధమయ్యాను. అన్ని వైపులా ఫొటోలు తీసి ప్రింట్లు పెట్టుకున్నాను. మైనం కొత్తగా రాశాను. పొట్లాలు ఆరబెట్టి డబ్బాలో సర్ది, తేమ మీటరు బయటికి కనిపించేలా లోపల అంటించాను. ఒక పేజీలో తెలుగులో రాసిచ్చాను: డబ్బా తెరవొద్దు, నేల మీద పెట్టొద్దు, గోడకు ఆనించొద్దు, ఏసీ గదిలోంచి తెస్తే రెండు గంటలు ఆగాక తెరవండి. చల్లటి ఇనుము మీద వెచ్చటి తడిగాలి తగిలితే గ్లాసు మీద పట్టినట్టు నీటి బిందువులు పడతాయి. రసీదులో నంబరుతో పాటు "ప్లాస్టిక్ డబ్బాతో సహా" అని రాయించుకున్నాను. తీసుకున్న కానిస్టేబుల్ "ఏటి మేడమ్, పసిపిల్లనిచ్చినట్టు ఇస్తన్నారు" అన్నాడు. అలాగే అనుకో బాబూ అన్నాను. మే నెలాఖరుకు డబ్బా ఇచ్చినది ఇచ్చినట్టే తిరిగొచ్చింది.

ఆ ఏడాది చివర్లో చట్టం సవరించి లైసెన్సు గడువు మూడేళ్ల నుంచి ఐదేళ్లకు పెంచారు. నేను 2021లో రెన్యూవల్ చేయించుకున్నాను, దాని గడువు 2026 దాకా. గడువు ముగియడానికి ముందే కదలాలి, క్యాలెండర్‌లో ఎర్రసిరాతో రాసుకున్నాను.

2024 ఎన్నికలకు మళ్లీ డబ్బా వెళ్లింది. జూన్‌లో, తొలకరి వానలు మొదలైన రోజుల్లో తెచ్చుకోమని ఫోను వచ్చింది. గొడుగులో డబ్బా పొదివి పట్టుకుని ఆటోలో ఇంటికి తెచ్చి, రెండు గంటలు ఆగి, గ్లవుజులు తొడుక్కుని మూత తీశాను. మీటరు 51. పొట్లాల్లో రెండు పచ్చబడ్డాయి. దీపం దగ్గర పెట్టి భూతద్దంతో చూశాను. కొత్త ఎరుపు ఎక్కడా లేదు. ఇత్తడి బిళ్ల అంచున ఆరేళ్ల కిందటి పసుపు మెరుపు కొంచెం తగ్గి, తేనెరంగు ఛాయ మొదలైంది. బొటనవేలి ముద్ర ఉన్నచోటే ఉంది. ఆ పిల్లాడి చెయ్యి ఇప్పుడు దానికంటే పెద్దదై ఉంటుంది. రెండు పొట్లాలు మార్చి, నోటు పుస్తకంలో తేదీ, అంకె రాసి, మూత బిగించాను.